అప్పు కాగితం ఎవరి దగ్గర ఉంది?

ఏడో తరగతి పిల్లలకు బారువడ్డీ లెక్కలు మొదలుపెట్టే రోజు మేము రెండు ప్రశ్నలు అడుగుతాం. "మీ ఇంట్లో ఎవరైనా అప్పు తీసుకున్నారా?" అంటే దాదాపు చేతులన్నీ లేస్తాయి. "ఆ అప్పుకు రాసిన కాగితం మీ ఇంట్లో ఉందా?" అంటే లేచిన చేతులన్నీ దిగిపోతాయి. ఇరవై ఏళ్లుగా ఇదే జరుగుతోంది. మా ఆశ్రమ పాఠశాలలో చదివి వెళ్లిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. వాళ్ల పిల్లలు కూడా రెండో ప్రశ్నకు చేతులు దించేస్తున్నారు.

అప్పు మన ఇంట్లో ఉంటుంది, అప్పు కాగితం మాత్రం ఇచ్చినవాడి ఇంట్లో ఉంటుంది. ఇది నిన్న మొన్న వచ్చిన అలవాటు కాదు. దీని వెనక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. మన యువతకూ, తోటి ఉపాధ్యాయులకూ ఆ చరిత్ర తెలిస్తే, ఆ కాగితానికి నకలు అడగడం ఎందుకంత అవసరమో తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

చింతగింజల లెక్క

మా ముసలమ్మ చదువుకోలేదు. ఆమె పెళ్లికి మా తాత సంత ఊరి షావుకారు దగ్గర ముప్పై రూపాయలు తెచ్చాడట. ఆ తర్వాత చోళ్లు నాగుకు తెచ్చాడు. నాగు అంటే పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాం. వానల్లో ఒక కుంచం గింజలు తీసుకుంటే పంట చేతికొచ్చాక కుంచంన్నర కొలవాలి, కొన్నిచోట్ల రెండు కుంచాలు. డబ్బు లేనిచోట గింజల మీద వడ్డీ అది.

మా ముసలమ్మ ఒక ఎండిన ఆనపకాయ బుర్రలో చింతగింజలు వేసేది. షావుకారుకు ఒక కావిడి చింతపండు ఇస్తే ఒక గింజ, మా తాత అతని పొలంలో ఒక వారం పనిచేస్తే ఒక గింజ. బుర్ర నిండింది. షావుకారు దగ్గరకెళ్లి లెక్క అడిగితే అతను ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, "ఇంకా నలభై ఉంది" అన్నాడు. అప్పు ముప్పై, బాకీ నలభై. బుర్ర చూపిస్తే నవ్వాడట. ఇంటికొచ్చి ఆమె ఆ గింజల్ని పొయ్యిలో పోసింది. ఈ కథ ఆమె చాలాసార్లు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ చివర ఒకే మాట అనేది: "నా లెక్క నా దగ్గరుంది, ఆడి లెక్క ఆడి దగ్గరుంది. ఆడి లెక్కే చెల్లింది."

కొండెక్కిన కోర్టు కాగితం

షావుకారు లెక్క ఎందుకు చెల్లింది? అతని వెనక కోర్టు ఉంది కాబట్టి.

1839లో ఇంగ్లీషు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తీసి, ఏజెంటు పేరుతో కలెక్టరు చేతికి అప్పగించింది. ఏజెన్సీ అనే మాట మనకు అలా వచ్చింది. గోదావరి వైపు రంప కొండలకు మాత్రం చాలాకాలం ఆ ఏర్పాటు లేదు. అక్కడికి పల్లపు వ్యాపారులు వచ్చి కొండవాళ్లతో ఒప్పందాలు రాయించుకునేవాళ్లు. రాసింది ఏమిటో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. ఒప్పందం తప్పాడని వ్యాపారి పల్లంలో ఉన్న కోర్టులో దావా వేసేవాడు. ఆ కోర్టుకు కొండవాడు వెళ్లలేడు. చాలాసార్లు దావా వేసిన సంగతే అతనికి తెలియదు. ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేవాళ్లు. డిక్రీ కాగితం పట్టుకుని వచ్చి పశువుల్నీ ధాన్యాన్నీ జప్తు చేసుకుని పోయేవాళ్లు.

1879లో రంప తిరుగుబాటు లేచింది. దానికి ముఠాదారుల సంగతి, చిగురుపన్ను, పోలీసుల బాధ కారణాలని మన పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. అవన్నీ నిజమే. అయితే ఆ తిరుగుబాటు కారణాలను విచారించిన ప్రభుత్వ అధికారులు ఈ ఒప్పందాలనూ ఏకపక్ష డిక్రీలనూ కూడా వాటిలో చేర్చారు. ఎవరూ చదివి వినిపించని కాగితం, ఎవరికీ నకలు ఇవ్వని కాగితం ఊళ్లను అడవుల్లోకి తరిమింది. తరగతిలో రంప తిరుగుబాటు చెప్పేటప్పుడు ఈ ఒక్క కారణం మీద పది నిమిషాలు ఆగమని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాం.

1917, 1940: చట్టం ఒప్పుకున్న సంగతి

తిరుగుబాటు తర్వాత కూడా షావుకారు కొండ దిగలేదు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదిలీ చట్టం చేసింది. భూమి విషయంలో ఈ చట్టం మనవాళ్లకు కొంత తెలుసు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి ఇతరులకు బదిలీ చేస్తే చెల్లదని అందులో ఉంది. వడ్డీ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. కొండజాతి మనిషి మీద ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ వేయకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు. ముప్పై అప్పుకు ఎన్నేళ్లయినా వడ్డీ ముప్పై దాటకూడదన్నమాట. మా తాత అప్పు నాటికి ఈ చట్టం ఉంది. షావుకారుకు తెలిసే ఉంటుంది. మా తాతకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో అప్పుకు తనఖా పెట్టడానికి బంగారం లేదు. ఉన్నది ఒంట్లో సత్తువ. అప్పు తీరేదాకా షావుకారు దగ్గరో ముఠాదారు దగ్గరో పని చేయడాన్ని మన వైపు గోతి అనేవాళ్లు. తండ్రి పోతే కొడుకు వెళ్లేవాడు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ రుణ దాస్య నిర్మూలన రెగ్యులేషన్ తెచ్చింది. అందులో పెట్టిన షరతులు చదివినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. అప్పు కింద పని చేయించుకునే ఒప్పందం చెల్లాలంటే దాని షరతులన్నీ రాతలో ఉండాలి. దాని నకలు ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర దాఖలు చేయాలి. గడువు ఏడాదికి మించకూడదు. వడ్డీ బారువడ్డీ అయి ఉండాలి, నూటికి ఆరుంపావు దాటకూడదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1940 నాటికే ప్రభుత్వానికి ఒక సంగతి అర్థమైంది: కాగితం ఒక్కడి దగ్గరే ఉంటే అది ఉరితాడవుతుంది, దానికి నకలు మూడో చోట కూడా ఉండాలి. అయితే ఆ నకలు అధికారి దగ్గర పెట్టమన్నారు. ఆ అధికారి ఎక్కడ ఉంటాడో, ఎలా అడగాలో గోతి మనిషికి ఎవరు చెబుతారు? చట్టం అచ్చయింది, గోతి మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. దేశమంతటికీ వర్తించేలా వెట్టిచాకిరి రద్దు చట్టం రావడానికి 1976 దాకా పట్టింది.

నైజాం వైపు, ఆ తర్వాత

గోదావరికి అవతల ఆదిలాబాదు అడవుల్లో గోండులు, కొలాముల పరిస్థితి వేరుగా లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలిచ్చిన తర్వాత నైజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. భూములు, అప్పులు, అడవి కేసుల గురించి ఆయన నివేదికలు రాశారు. 1943లో మార్లవాయి గూడెంలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. ఉపాధ్యాయులుగా మనకు ఇది గర్వించదగ్గ సంగతి. రాజ్ గోండు ఊళ్లలో రసీదు చదవగలిగిన మొదటి తరం అక్కడ తయారైంది.

ఇటువైపు 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అడవి ఉత్పత్తులు కొనడం, డీఆర్ డిపోల్లో సరుకులు అమ్మడం, పంట అప్పులు ఇవ్వడం దాని పనులు. షావుకారు ఒక చేత్తో చింతపండు కొని, ఇంకో చేత్తో అప్పిచ్చి, రెండు చోట్లా తూకం కొట్టే పద్ధతికి అడ్డుకట్ట వేయాలన్నది ఉద్దేశం. 1959లో భూబదిలీ రెగ్యులేషన్, 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చాయి. లైసెన్సు లేకుండా మన ప్రాంతంలో వడ్డీ వ్యాపారం చేయకూడదని ఆ రెండోది చెబుతుంది. మన సంతల్లో తిరిగే వడ్డీ వ్యాపారుల్లో లైసెన్సు కాగితం చూపించినవాణ్ని మేము ఇంతవరకు చూడలేదు.

చట్టాలు కాగితం మీద ఉండిపోయినచోట జనం కాగితాల మీదే పడ్డారు. 1967 తర్వాత శ్రీకాకుళం ఏజెన్సీలో సవరలు, జాతాపులు షావుకార్ల ఇళ్ల మీదికి వెళ్లినప్పుడు ధాన్యంతో పాటు ప్రోనోట్లు కూడా తీసుకున్నారు, తగలబెట్టారు. ఆ ప్రాంతంలో జనాన్ని కూడగట్టిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. ఆ ఉద్యమం తోవ గురించి మన పెద్దల్లో రకరకాల అభిప్రాయాలున్నాయి, వాటిలోకి ఇక్కడ వెళ్లడం లేదు. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ జనం ముందుగా చేయి వేసింది ప్రోనోటు మీద. తమను కట్టిపడేసింది ఏదో వాళ్లకు బాగా తెలుసు.

ఇవాళ కాగితం తగలబెడితే అప్పు పోదు. అది కంప్యూటర్లో ఉంటుంది. కాబట్టి ఇవాళ మనం చేయాల్సింది ఆ కాగితాన్ని మన ఇంటికి తెచ్చుకోవడం.

మోటారు సైకిల్ మీద వచ్చిన అప్పు

షావుకారు పోయాడనుకున్న చోటికి మోటారు సైకిళ్ల మీద ఫైనాన్స్ కంపెనీల కుర్రాళ్లు వచ్చారు. పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఒకరికొకరు జామీను పెట్టి అప్పులిచ్చారు. 2010 నాటికి రాష్ట్రంలో వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు పెరిగాయి. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో సూక్ష్మరుణ సంస్థల నియంత్రణ చట్టం వచ్చాయి. అందులో ఒక నియమం చూడండి: మొత్తం వడ్డీ అసలును మించకూడదు. 1917లో మన కొండల కోసం రాసిన మాటే తొంభై మూడేళ్ల తర్వాత రాష్ట్రమంతటికీ రాయాల్సి వచ్చింది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఇప్పుడు ఆ కంపెనీలకు రిజర్వు బ్యాంకు నిబంధనలే ముఖ్యం.

ఆ నిబంధనలు మన చిన్నమ్మలకు ఎవరు చెప్పారు? మా వీధిలో జరిగిన సంగతి చెబుతాం. వరసకు మాకు చిన్నమ్మ అయ్యే ఒకామె గ్రూపులో నలభై వేలు తీసుకుంది. బ్యాంకు ఖాతాలో పడింది 38,300. నెలకు 2,115 చొప్పున ఇరవై నాలుగు వాయిదాలు. ఏడు వాయిదాలు కట్టాక చిన్నాన్న జ్వరంతో చనిపోయాడు. దినకర్మలు కాకముందే వసూలు కుర్రాడు వచ్చాడు. ఆమె చెవి దుద్దులు కుదువపెట్టి కట్టింది. అలా ఇంకో ఐదు వాయిదాలు కట్టింది. ఆరోది కట్టలేక మా దగ్గరకొచ్చి, "బాబూ, ఇంకెన్ని ఉన్నాయో అడిగి చెప్పు" అంది.

కాగితం ఏదీ అంటే ఒక చిన్న కార్డు తెచ్చింది. సగం రాతలు చెరిగిపోయాయి. ఒప్పంద పత్రం ఏదంటే, "ఫోనులో వేలు పెట్టమన్నారు, పెట్టాను" అంది. మేము ఆమెను వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లాం. నకలు హెడ్డాఫీసులో ఉంటుందన్నారు. మళ్లీ వెళ్లాం. మేనేజరు సెలవన్నారు. మూడోసారి తెల్లకాగితం మీద ఆమె పేరున అర్జీ రాసి, ఆమెతో సంతకం చేయించి, రెండో ప్రతి మీద ముద్ర వేసి ఇమ్మన్నాం. ముద్ర అనేసరికి ఆ కుర్రాడి గొంతు మారింది. పదకొండో రోజున పద్నాలుగు పేజీల నకలు చేతికొచ్చింది.

తొమ్మిదో పేజీలో ఉంది అసలు సంగతి. నలభై వేలలోంచి కోసుకున్న 1,700లో 600 ప్రాసెసింగు రుసుము, మిగతా 1,100 బీమా. ఆ బీమా చిన్నమ్మకూ, ఆమె భర్తకూ కలిపి. ఇద్దరిలో ఎవరు చనిపోయినా మిగిలిన బాకీ బీమా కంపెనీ కట్టాలి. చిన్నాన్న పోయిన రోజునే ఆ అప్పు ఆమె మీదినుంచి దిగిపోవాల్సింది. ఆ మాట చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. చదువుకోవడానికి కాగితం ఆమె దగ్గర లేదు. మరణ ధ్రువపత్రం పెట్టి దరఖాస్తు చేస్తే మూడు నెలలకు బాకీ రద్దయింది. ఆమె అనవసరంగా కట్టిన ఐదు వాయిదాలు, 10,575 రూపాయలు, ఇంకా రావాలి. ఉత్తరాలు నడుస్తున్నాయి.

నకలు అడగడం మన హక్కు

బ్యాంకు గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ అప్పు మంజూరు చేసినప్పుడు ఒప్పంద పత్రం నకలు, దానిలో చెప్పిన జత కాగితాలతో సహా, అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు న్యాయ వ్యవహార నియమావళి చెబుతోంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సూక్ష్మరుణ నిబంధనల ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుకు లోన్ కార్డు ఇవ్వాలి. వడ్డీ, రుసుములు, షరతులు, కట్టిన ప్రతి వాయిదా, ఫిర్యాదు ఎవరికి చేయాలో అందులో ఉండాలి. బీమా లాంటివి ఒప్పుకుంటేనే అంటగట్టాలి, వాటి ఖర్చు కార్డులోనే రాయాలి. రాతలన్నీ మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ముందుగా అప్పు తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక వసూలుకు రాకూడదు.

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ అప్పులకు ముఖ్య వివరాల పత్రం కూడా ఇవ్వాలి. అన్ని ఖర్చులూ కలిపితే ఏడాదికి నూటికి ఎంత పడుతుందో అందులో ఉంటుంది. అందులో లేని రుసుమును అప్పు తీసుకున్నవారి ఒప్పుదల లేకుండా వేయకూడదు. ఇల్లు, భూమి కాగితాలు పెట్టి తెచ్చిన అప్పు తీరిపోతే ముప్పై రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. ఇది 2023 డిసెంబరు 1 నుంచి ఉంది.

ఎలా అడగాలి? నోటిమాటగా అడగవద్దు. రాసి ఇవ్వండి. మేము రాసిన అర్జీ ఇంతే:

"బ్రాంచి మేనేజరు గారికి. నా పేరు ఫలానా. మీ దగ్గర ఫలానా తేదీన ఫలానా నంబరు అప్పు తీసుకున్నాను. నా అప్పు ఒప్పంద పత్రం పూర్తి నకలు, మంజూరు పత్రం, బీమా పత్రం, ఇప్పటిదాకా నేను కట్టిన వాయిదాల ఖాతా వివరం తెలుగులో ఇప్పించగలరు. ఈ అర్జీ అందినట్టు రెండో ప్రతి మీద తేదీతో సంతకం, ముద్ర వేయగలరు."

దీనికి వకీలు అక్కర్లేదు. రెండో ప్రతి భద్రంగా దాచుకోండి. ముద్ర వేయకపోతే పోస్టాఫీసుకెళ్లి స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదే సాక్ష్యం. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పద్ధతి ఉంది. 14448 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

సంతలో ప్రోనోటు మీద తెచ్చే అప్పుకు ఈ అంబుడ్స్‌మన్ పనికిరాడు. అక్కడ జాగ్రత్తలు మనవే. ఖాళీ నోటు మీద వేలిముద్ర వేయవద్దు. రాసిన నోటును అక్కడే ఫోనుతో ఫొటో తీసుకోండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించి, దాన్ని కూడా ఫొటో తీయండి. బాకీ తీరిన రోజున నోటు వెనక్కి తీసుకోవడం 1881 నాటి చట్టం ఇచ్చిన హక్కు. "ఎక్కడో పెట్టాను, తర్వాత ఇస్తాను" అంటే ఆ చివరి రూపాయి అప్పుడే ఇవ్వవద్దు.

ఈ పని ఎవరిది?

చదువుకున్న యువత ఊళ్లో ఒక ఆదివారం కూర్చుని ఇంటింటి అప్పు కాగితాలు ఏవి ఉన్నాయో, ఏవి లేవో ఒక నోటుపుస్తకంలో రాయండి. లేనివాళ్ల తరఫున అర్జీలు రాయండి. కట్టాల్సిన అప్పు కట్టాల్సిందే, ఎగ్గొట్టడానికి మేము ఇది చెప్పడం లేదు. ఎంత కట్టాలో, ఎందుకు కట్టాలో తెలుసుకుని కట్టమంటున్నాం. ఉపాధ్యాయులు వడ్డీ లెక్కలు చెప్పేటప్పుడు రాము, సోము అప్పులు పక్కనపెట్టి, పేర్లు తీసేసిన నిజమైన లోన్ కార్డు ఒకటి బల్ల మీద పెట్టండి. మేము పోయిన ఏడాది అలా చేశాం. ఒక పాప కార్డు చూసి, "సారూ, మా అమ్మ కార్డులో జమ గడులు ఖాళీగా ఉన్నాయి" అంది. మర్నాడు ఆ తల్లి పిల్లను వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లి మూడు వాయిదాల జమ రాయించుకుంది.

మా ముసలమ్మ బుర్రలో వేసిన లెక్క తప్పు కాదు. దాన్ని చూపించి నిలబడడానికి అవతలి కాగితం ఆమె చేతిలో లేదు, అంతే. ఈ జూన్‌లో బడి తెరిచాక మళ్లీ ఆ రెండు ప్రశ్నలు అడుగుతాం. రెండోదానికి ఎన్ని చేతులు లేస్తాయో లెక్కపెట్టి రాసి ఉంచుతాం.